ఐరిస్‌ను ముందు ఊరడగాలి

మే నెల మధ్యలో న్యూజెర్సీలో ఏ నర్సరీకి వెళ్లినా ఒక బల్ల నిండా ఐరిస్ కుండీలు కనిపిస్తాయి. ఊదా, పసుపు, తెలుపు, రాగిరంగు. కొన్ని జానెడు, కొన్ని నడుమెత్తు. అన్నిటి ఆకులూ కత్తుల్లా నిలబడి ఉంటాయి, అన్నిటి చీటీల మీదా ఐరిస్ అనే రాసి ఉంటుంది. కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు రంగుకొకటి తెచ్చి, ఒకే మడిలో వరసగా నాటి, ఒకే పైపుతో అన్నిటికీ నీళ్లు పెడతారు. రెండో ఏడు వచ్చేసరికి ఆ వరసలో కొన్ని కుళ్లిపోయి ఉంటాయి, కొన్ని ఎండిపోయి ఉంటాయి. "ఈ పువ్వు మన చేతికి రాదండీ" అని ఆ మడిలో టమాటా పెట్టేస్తారు.

చేతిలో లోపమేమీ లేదు. ఐరిస్ అనేది ఒక మొక్క పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. ఈ ప్రజాతిలో 300 దాకా జాతులున్నాయి. అన్నీ ఉత్తరార్ధగోళంలో పుట్టినవే కానీ, పుట్టిన చోట్లకు ఒకదానికొకటి పోలిక లేదు. కొన్ని మధ్యధరా తీరాన వేసవిలో చుక్క వాన పడని రాతిగుట్టల మీద పుట్టాయి. కొన్ని మంచు కరిగిన నీళ్లు పారే పచ్చికబయళ్లలో, కొన్ని లూసియానాలో మొసళ్లు తిరిగే చిత్తడిలో. కొత్త మనిషి పరిచయం కాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" అని కదా. ఐరిస్‌నూ ముందు అదే అడగాలి. ఎండ ఎంత కావాలి, నీళ్లెన్ని పెట్టాలి, కొమ్ము మట్టి పైన ఉండాలా లోపల ఉండాలా అన్న ప్రశ్నలన్నిటికీ సగం జవాబు ఆ ఒక్కదానిలోనే దొరుకుతుంది.

ఊళ్ల సంగతికి వెళ్లే ముందు ఒక పువ్వు కోసి చేతిలోకి తీసుకోండి. పువ్వులో మూడు రేకులు కిందికి వాలి ఉంటాయి, మూడు పైకి నిలబడి ఉంటాయి. అక్కడితో అయిపోలేదు. వాలిన ప్రతి రేకు మీదికీ పందిరి కప్పినట్టు ఇంకో చిన్న రేకు వంగి ఉంటుంది. చూడ్డానికి రేకే అయినా నిజానికి అది కీలంలో ఒక చీలిక, అంటే పువ్వులోని ఆడభాగం. గోటితో దాన్ని కాస్త పైకెత్తితే కింద ఒకే ఒక్క కేసరం దాక్కుని కనిపిస్తుంది. ఆ పందిరి చివర, లోపలివైపు, గోరంత కూడా లేని పల్చటి పొర ఒకటి అడ్డంగా వేలాడుతూ ఉంటుంది. పుప్పొడిని అందుకునే కీలాగ్రం అదే.

తుమ్మెద వచ్చి వాలిన రేకు మీద దిగుతుంది. రేకు మీది గీతలో, నూగో దారి చూపిస్తే తేనె కోసం పందిరి కిందికి దూరుతుంది. దూరేటప్పుడు దాని వీపు మొదట ఆ పొరకు రాసుకుంటుంది. వేరే పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడి అక్కడ అంటుకుంటుంది. ఇంకాస్త లోపలికి పోతే కేసరం తగిలి కొత్త పుప్పొడి వీపుకెక్కుతుంది. తేనె తాగి వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం పొర రెండో వైపుకు మడుచుకుంటుంది. పుప్పొడిని అందుకునే ముఖం లోపలికి మూసుకుపోతుంది కాబట్టి సొంత పుప్పొడి సొంత పువ్వుకు అంటదు. ఒక ఐరిస్ పువ్వులో ఇలాంటి ద్వారాలు మూడు. ఒక్కోటీ ఒక్కో పువ్వులా పనిచేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త కోల్‌రాయిటర్ 1761లోనే ఐరిస్ పువ్వుల్లో పురుగుల పాత్ర గురించి రాశాడు. 1793లో స్ప్రెంగెల్ ఇంకో అడుగు ముందుకేసి, రేకుల మీది గీతలూ మచ్చలూ పురుగులకు తేనె దారి చూపే గుర్తులని ఒక పెద్ద పుస్తకమే వేశాడు. ఆ కాలంలో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తరవాత డార్విన్ మెచ్చుకున్నాకే దానికి గౌరవం దక్కింది.

ఇక నర్సరీ బల్ల మీద ఎక్కువ చోటు ఆక్రమించే గడ్డం ఐరిస్‌ల సంగతి. వాలిన రేకు మధ్యలో ఒత్తుగా పెరిగిన నూగే ఆ గడ్డం. ఐరిస్ పాలిడా, ఐరిస్ వేరిగేటా లాంటివి వీటి పూర్వీకులు. దక్షిణ యూరప్, బాల్కన్ కొండలు, టర్కీ వీటి పుట్టిల్లు. అక్కడి మధ్యధరా ప్రాంతాల్లో వానలు చలికాలంలో, వసంతంలో పడతాయి. వేసవంతా ఎండే. పూత అయ్యాక ఈ మొక్క పని దాదాపు ఆపేసి, కొమ్ములో దాచుకున్న పిండిపదార్థంతో కాలం గడుపుతుంది. పసుపుకూ అల్లానికీ ఉన్నట్టే దీనికీ నేలబారుగా పాకే కొమ్ము ఉంటుంది. కానీ పసుపు కొమ్మును మట్టిలో పూడుస్తాం. దీని కొమ్ము వీపు మాత్రం బయటికి కనిపిస్తూ ఎండకు కాగాలి.

న్యూజెర్సీ వేసవి మధ్యధరా వేసవి కాదు. జూలైలో ఉరుములతో వానలు, గాలి నిండా తేమ, కింద బంకమట్టి. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పైగా వసంతం రాగానే ఇంటి ముందు మొక్కలన్నిటి చుట్టూ చెక్కపొట్టు పరవడం అక్కడ ఆనవాయితీ. ఆ పొట్టు కొమ్ముల మీద పడి, దాని మీద రాత్రిళ్లు స్ప్రింక్లర్ తిరిగితే ఇక చెప్పక్కర్లేదు. పెక్టోబాక్టీరియం అనే సూక్ష్మజీవి చిన్న గాటు దొరికినా లోపలికి చేరుతుంది. కణాన్నీ కణాన్నీ అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించే ఎంజైములు దాని ఆయుధం. నిన్నటి దాకా గట్టిగా ఉన్న కొమ్ము చిక్కటి గంజిలా మారుతుంది. ఆకుల గుత్తి ఒక పక్కకు ఒరుగుతుంది, పట్టుకుని లాగితే చేతికొచ్చేస్తుంది. కుళ్లు కంపు దూరం నుంచే తెలుస్తుంది. అలా కనిపించిన వెంటనే పాత చెంచాతో మెత్తబడ్డదంతా, తెల్లటి గట్టి కండ తగిలేదాకా గోకి తీసేయాలి. ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి ఆ చోటును కడిగి, ఎండకు వదిలేయాలి. మట్టి కప్పకూడదు. చాలాసార్లు మిగిలిన ముక్క బతుకుతుంది.

అయితే మందు కంటే మడి ముఖ్యం. చుట్టుపక్కల నేల కంటే అర అడుగు ఎత్తుగా మడి కట్టాలి. ఏటవాలు ఉంటే మరీ మంచిది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. గుంట తీసి మధ్యలో చిన్న దిబ్బలా మట్టి పోసి, దాని మీద కొమ్మును కూర్చోబెట్టి, వేళ్లను రెండు పక్కలకూ జార్చి మట్టి నొక్కాలి. నత్రజని ఎక్కువున్న ఎరువు, అంటే లాన్‌కు చల్లే ఎరువు, దీని దరిదాపుల్లో పడకూడదు. ఆకులు ఏపుగా, మెత్తగా పెరుగుతాయి, రోగాన్ని పిలుస్తాయి, పువ్వులు మాత్రం రావు.

ఒక కొమ్ము జీవితంలో ఒక్కసారే పూస్తుంది. అరటిచెట్టు గెల వేసి పిలకలకు చోటిచ్చినట్టే, పూసిన ఐరిస్ కొమ్ము కూడా పక్కల నుంచి పిలకలు వేసి తాను ముసలిదవుతుంది. తరవాతి ఏడు పూసేవి ఆ పిలకలే. మూడు నాలుగేళ్లు గడిచేసరికి నడుమంతా ముసలి కొమ్ములు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పిలకలు చుట్టూ వలయంలా మిగులుతాయి, పూత తగ్గుతుంది. జూలై ఆఖరు నుంచి సెప్టెంబరు లోపల గుబురును మొత్తం తవ్వి తీసి, ముసలి కొమ్ములను పారేసి, ఒక్కో ఆకుల గుత్తి ఉన్న పిలకను వేరు చేయాలి. ఆకులను అర అడుగుకు కత్తిరించి, కోసిన గాయం ఆరేదాకా నీడలో ఒకరోజు ఉంచి, మళ్లీ నాటాలి. గట్టి మంచు పడేలోపు వేళ్లు పట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అందుకే అక్టోబరు దాకా వాయిదా వేస్తే వేళ్లు పట్టని కొమ్ములను చలికాలపు మంచు పైకి తోసేస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోవడం మంచిది, ఈ కొమ్ము రసం కొందరికి దురద పెడుతుంది. కుక్కా పిల్లీ కొరకకుండా చూసుకోవాలి కూడా.

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఇంకో శత్రువు ఉంది. అక్కడివాళ్లు ఐరిస్ బోరర్ అంటారు, మన భాషలో కొమ్ము తొలిచే పురుగు. దీని రెక్కల పురుగు శరదృతువులో ఎండిన ఐరిస్ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ఏప్రిల్‌లో పొదిగి బయటికొచ్చిన పిల్లపురుగు లేత ఆకులోకి దూరి, ఆకు రెండు పొరల మధ్య తొలుచుకుంటూ కిందికి దిగి, వేసవికల్లా కొమ్ములో స్థిరపడుతుంది. అది తొలిచిన దారినే కుళ్లు కూడా లోపలికొస్తుంది. దీని బలహీనత ఒకటే, గుడ్లన్నీ ఎండుటాకుల మీదే ఉంటాయి. చలికాలంలో ఎండుటాకులను శుభ్రంగా ఏరి పారేస్తే సగం యుద్ధం గెలిచినట్టే. మే నెలలో ఆకు మీద తడిసినట్టున్న చార కనిపిస్తే, ఆ చార కింది కొసను రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి. పురుగు లోపలే చస్తుంది. నాజూకు పనేమీ కాదు గానీ ఏ మందు కంటే నమ్మకమైనది.

గడ్డం ఐరిస్‌లను ఎత్తును బట్టి విడదీస్తారు. 8 అంగుళాల లోపువి అతి పొట్టివి, 8 నుంచి 16 వరకు పొట్టివి, ఆపైన నడిమివి, ఇరవయ్యేడున్నర అంగుళాలు దాటినవి పొడుగువి. ఎత్తుతో పాటు పూసే కాలమూ మారుతుంది. పొట్టివి ఏప్రిల్‌లో మొదలుపెడితే నడిమివి మే మొదట్లో, పొడుగువి మే ఆఖరుకు పూస్తాయి. కాబట్టి ఒకే ఎత్తువి పది కొనడం కంటే తలా రెండు తెచ్చుకుంటే పూత ఆరు వారాలు సాగుతుంది. కొన్ని రకాలు శరదృతువులో రెండోసారి కూడా పూస్తాయి. లాయిడ్ జుర్‌బ్రిగ్ 1982లో తెచ్చిన 'ఇమ్మోర్టాలిటీ' అనే తెల్ల రకం అందుకు పేరుపడింది.

ఇప్పుడు మనం చూసే అరచేయంత పువ్వులు నూట ముప్పై ఏళ్ల కిందట లేవు. అప్పటి తోటల్లోని ఐరిస్‌లు చిన్నవి, సన్నవి. కేంబ్రిడ్జ్‌లో శరీరధర్మశాస్త్రం బోధించే మైకేల్ ఫాస్టర్‌కు ఐరిస్‌ల పిచ్చి. టర్కీ వైపున్న మతప్రచారకులతో ఉత్తరాలు నడిపి అక్కడి కొండ ఐరిస్‌లను తెప్పించుకున్నాడు. అవి పొడుగ్గా, పెద్ద పువ్వులతో వచ్చాయి. వాటిని యూరప్ రకాలతో కలిపితే చాలావరకు గొడ్డు మొక్కలే పుట్టేవి. అరుదుగా ఒక్కోటి మాత్రం గింజ కట్టేది, అదీ అద్భుతంగా. కారణం తెలియకుండానే ఫాస్టర్ 1907లో పోయాడు. 1920ల చివర క్రోమోజోములు లెక్కపెట్టాకే రహస్యం బయటపడింది. యూరప్ రకాల్లో 24 క్రోమోజోములు, అంటే రెండు పేర్లు (సెట్లు). టర్కీ నుంచి వచ్చినవాటిలో 48, అంటే నాలుగు పేర్లు. రెండూ నాలుగూ కలిస్తే మూడు పేర్ల సంతానం పుడుతుంది. మూడు పేర్లు సమానంగా విడిపోలేవు కాబట్టి అది గొడ్డుపోతుంది. కానీ ఎప్పుడో ఒకసారి రెండు పేర్ల మొక్క, సగానికి తగ్గించకుండా క్రోమోజోములన్నీ ఉన్న పునరుత్పత్తి కణాన్ని వదులుతుంది. అప్పుడు నాలుగు పేర్ల బిడ్డ పుడుతుంది. అది సారవంతమైనది, పెద్దది, గట్టి రేకులది. ఇవాళ్టి పొడుగు గడ్డం ఐరిస్‌లన్నీ దాదాపు ఆ సంతతే. మన దేశపు వాటా కూడా అందులో ఉంది. కాశ్మీర్‌లో సమాధుల చుట్టూ నాటే తెల్ల ఐరిస్ నుంచి ఫాస్టర్ సాధించిన 'కాశ్మీర్ వైట్' తరవాతి తెల్ల రకాలెన్నిటి వంశంలోనో చేరింది.

నాలుగు పేర్లు ఉండటం వల్ల కొత్త రంగు సాధించడం కష్టమవుతుంది. గులాబి రంగునే తీసుకోండి. ఐరిస్‌లో నీలం, ఊదా రంగులు కణరసంలో కరిగే ఆంథోసయనిన్ల వల్ల, పసుపు కణాల్లోని ప్లాస్టిడ్లలో ఉండే కెరొటినాయిడ్ల వల్ల వస్తాయి. ఈ రెండిటి దారులూ వేరు. అందుకే పసుపు మీద ఊదా పడితే కంటికి గోధుమరంగు కనిపిస్తుంది. గులాబి మాత్రం టమాటాను ఎర్రబరిచే లైకోపీన్ పని. పసుపును తయారుచేసే వరస మధ్యలో ఆగిపోతేనే లైకోపీన్ పోగవుతుంది. దానికి కారణమైన జన్యువు అంతర్గతం, నాలుగు నకళ్లూ అదే అయితేనే రంగు బయటపడుతుంది. రెండు పేర్ల మొక్కలో అయితే రెండు నకళ్లు చాలు, మిశ్రమ జంటకు నాలుగింట ఒకటి ఆ రంగుది పుడుతుంది. నాలుగు పేర్ల మొక్కలో సగం సగం నకళ్లున్న తల్లిదండ్రులకు 36లో ఒక్కటే పుడుతుంది. ఇల్లినాయిలో డేవిడ్ హాల్ లాంటివాళ్లు 1940లలో మంచి గులాబి రకాలను నిలబెట్టడానికి వేల మొలకలు పెంచి, చాలావాటిని పారేయాల్సి వచ్చింది. ఇంత చేసినా నికరమైన ఎరుపు ఇప్పటికీ గడ్డం ఐరిస్‌లో లేదు. మందారపు ఎరుపు కాదు కదా, దాని దగ్గరికి కూడా రాలేదు. ఎరుపుకు కావలసిన పెలార్గొనిడిన్ అనే వర్ణకాన్ని ఐరిస్ తయారు చేసుకోదు. చీటీ మీద ఎరుపు అని రాసి అమ్మేవి వక్క రంగువో, ద్రాక్షసారా రంగువో అయి ఉంటాయి. ఫొటో చూసి మోసపోవద్దు.

సంకరం చేయడం మాత్రం ఇంట్లోనే చేయొచ్చు, పిల్లలకు ఇంతకంటే మంచి వృక్షశాస్త్ర పాఠం లేదు. పొద్దున్నే అప్పుడే విచ్చుకున్న పువ్వు నుంచి కేసరాన్ని చిమటాతో తీసి, వేరే రంగు పువ్వు పందిరి కింది పొర మీద రుద్దాలి. మూడు పొరలకూ రుద్దితే మంచిది. పట్టుకుంటే పువ్వు వాడాక కింద అండాశయం ఉబ్బి కాయవుతుంది. గింజలు శరదృతువులో బయటే కుండీలో చల్లాలి, చలి తగిలితే గానీ మొలవవు. మొదటి పువ్వు చూడ్డానికి రెండు మూడేళ్లు ఆగాలి. ఏ మొలకా తల్లి పోలిక కాదు.

ఏ రకం కొనాలో తేలకపోతే న్యూజెర్సీలోనే అప్పర్ మాంట్‌క్లేర్‌లో ప్రెస్బీ స్మారక ఐరిస్ ఉద్యానం ఉంది. ఫ్రాంక్ ప్రెస్బీ అనే స్థానిక ఐరిస్ ప్రేమికుడి పేరున 1927లో మొదలైంది, రూపకల్పన జాన్ విస్టర్‌ది. 1920లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీకి మొదటి అధ్యక్షుడు ఆయనే. కొండవాలు మీద పాతవీ కొత్తవీ పేరూ సంవత్సరంతో సహా నాటి ఉంటాయి. మే మూడో వారంలో వెళ్లి నచ్చినవాటి పేర్లు రాసుకుని రావడం మంచి పద్ధతి. అవి ఏటవాలున ఎందుకున్నాయో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది.

నా మట్టుకు నాకు సైబీరియన్ ఐరిస్‌లే ముద్దు. గడ్డం లేదు, ఆడంబరం లేదు. గడ్డి దుబ్బులా పెరిగే సన్నటి ఆకులు, వాటి మీద గాలికి ఊగే పువ్వులు. పేరులో సైబీరియా ఉన్నా ఐరిస్ సిబిరికా మధ్య యూరప్ తడి పచ్చికల్లోనూ పెరుగుతుంది. దీని చుట్టం ఐరిస్ సాంగ్వినియాది తూర్పు ఆసియా. మంచు కరిగినప్పుడు నీళ్లు దండిగా, తరవాత ఓ మోస్తరుగా అందే చోట్లవి. అందుకే వసంతంలో దీనికి నీళ్లు కావాలి, కొమ్ము ఒకటి రెండు అంగుళాలు మట్టిలో ఉండాలి, చెక్కపొట్టు పరిచినా ఏమీ అనుకోదు. గడ్డం ఐరిస్‌కు చెప్పిన జాగ్రత్తలన్నీ తలకిందులు చేస్తే సైబీరియన్‌కు సరిపోతాయి. తొలిచే పురుగూ కుళ్లూ దీన్ని అంతగా పట్టించుకోవు. పదేళ్లు కదపకపోయినా పూస్తూనే ఉంటుంది. కెనడాలో క్లీవ్‌లండ్ మోర్గన్ 1930ల మొదట్లో తెచ్చిన 'సీజర్స్ బ్రదర్' ముదురు ఊదా రకం. ఇన్నేళ్లయినా నర్సరీల్లో దొరుకుతూనే ఉంది. మొదటిసారి పెంచేవాళ్లు దీనితో మొదలుపెడితే మనసు విరగదు.

జపాన్ ఐరిస్, అంటే ఐరిస్ ఎన్సాటా, అన్నిటికంటే ఆలస్యంగా జూన్ ఆఖరున పూస్తుంది. పువ్వు పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. జపాన్‌లో దీనికి మూడు సంప్రదాయాలు: ఎడో, ఇసే, హిగో. మాత్సుదైరా షోఓ (1773–1856) అనే సమురాయ్ జీవితమంతా దీన్ని పెంచి వందల రకాలు సాధించాడు. ఆయన దగ్గర మొక్కలు తీసుకున్న కుమామోటో పెద్దమనుషులు వాటిని ఊరు దాటనివ్వకుండా చాలాకాలం కాపాడుకున్నారు. గదిలో కుండీ పెట్టుకుని, కింద చాప మీద కూర్చుని ఒక్క పువ్వును చూడాలన్నది వాళ్ల పద్ధతి, హిగో రకాల పెద్ద పువ్వులు అందుకే అలా తయారయ్యాయి. తోటల్లో పూతకాలంలో వీటి మడులను నీళ్లతో నింపుతారు. ఆ ఫొటోలు చూసి ఏడాదంతా నీళ్లలో ఉంచితే చలికాలంలో మొదలు కుళ్లుతుంది. తడి ఎండాకాలానికే, చలికాలానికి మురుగు పోయే నేల. సున్నం అంటే దీనికి పడదు, ఇనుము అందక ఆకులు పసుపెక్కుతాయి. గోడ పక్కనా, సిమెంటు దారి పక్కనా నాటకండి. కొత్త వేళ్లు ఏటేటా పాత వేళ్ల పైన పుడతాయి కాబట్టి మొక్క మెల్లగా నేలలోంచి పైకొచ్చేస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి తీసి, విడదీసి, రెండు మూడు అంగుళాల లోతున నాటాలి, అదీ వేరే చోట. అదే మట్టిలో మళ్లీ నాటితే మొరాయిస్తుంది.

టెక్సస్‌లో, ముఖ్యంగా హ్యూస్టన్ వైపున్న తెలుగువాళ్లకు ఇవేవీ కావు, లూసియానా ఐరిస్‌లు కావాలి. మిసిసిపి దిగువ చిత్తడులు వాటి సొంతూరు. వేడీ ఉక్కా వాటికి అలవాటే. న్యూయార్క్ వృక్షోద్యానానికి చెందిన జాన్ కుంకెల్ స్మాల్ 1920లలో న్యూఆర్లియన్స్ చుట్టుపక్కల వాటిని చూసి, కనిపించిన ప్రతి రంగుకూ ఒక పేరు పెట్టి 80కి పైగా జాతులని ప్రకటించాడు. స్థానిక జీవశాస్త్రవేత్త పెర్సీ వియోస్కా 1935లో అవి నాలుగైదు జాతులేననీ, మిగతావన్నీ వాటి మధ్య పుట్టిన సంకరాలనీ తేల్చాడు. వాటిలో ఐరిస్ ఫుల్వా ఇటుక ఎరుపు. తేనెపిట్టలాంటి హమ్మింగ్‌బర్డ్‌లు దీన్ని వెతుక్కుంటూ వస్తాయి. నీలం జాతులకు తుమ్మెదలు వెళతాయి. అడుగున చిల్లుల్లేని తొట్టిలో బంకమట్టి, ఆకుఎరువు వేసి, నీళ్లు మట్టి పైకి తేలేంత పెట్టినా సంతోషంగా పెరుగుతుంది. సున్నపు నీళ్లు దీనికీ పడవు.

ఇంకో ఐరిస్ హైదరాబాద్‌లో చాలామందికి పరిచయమే, మొక్కను ఎన్నడూ చూడకపోయినా. అమీర్‌పేటలో డేటా సైన్స్ పాఠం మొదటి వారంలో ఐరిస్ డేటాసెట్ తెరవని కోచింగ్ సెంటర్ ఉండదు. 150 పువ్వులు, మూడు జాతులు, నాలుగు కొలతలు. ఆ కొలతలు సెయింట్ లూయీ వృక్షశాస్త్రవేత్త ఎడ్గార్ ఆండర్సన్‌వి. సెటోసా, వెర్సికలర్ పువ్వులను కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో ఒకే పచ్చిక బయలులో ఒకే రోజున కోసి కొలిచాడు. మూడోది వర్జినికా. రోనాల్డ్ ఫిషర్ 1936లో ఆ అంకెలతో ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరు చేసే గణితపద్ధతి చూపించాడు. అయితే అసలు ప్రశ్న గణితానిది కాదు, మొక్కది. సెటోసాలో 38 క్రోమోజోములు, వర్జినికాలో 70, వెర్సికలర్‌లో 108. కూడితే సరిపోతుంది! వెర్సికలర్ ఆ రెండిటికీ పుట్టిన బిడ్డ అని ఆండర్సన్ అనుమానం. అలాగైతే దాని పువ్వు కొలతలు వర్జినికాకు దగ్గరగా, సెటోసాకు దానికి రెట్టింపు దూరంలో ఉండాలి. ఫిషర్ లెక్క సుమారుగా అదే చెప్పింది. ఆ పద్ధతిని రెండుకు మించిన వర్గాలకు విస్తరించిన వాడు ఫిషర్ శిష్యుడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మన సి.ఆర్. రావు. కేంబ్రిడ్జ్‌లో ఆయన పువ్వులకు బదులు సూడాన్ తవ్వకాల్లో దొరికిన పుర్రెలు, ఎముకల కొలతల మీద పనిచేశాడు.

ఆ వెర్సికలర్ న్యూజెర్సీకి స్థానిక మొక్కే. పెరట్లో వాననీళ్లు నిలిచే పల్లముంటే అక్కడ నాటండి, ఇక చూడక్కర్లేదు. దాని పక్కనే నర్సరీలో ఐరిస్ సూడాకోరస్ అనే పసుపు పూలది చవగ్గా కనిపిస్తుంది. ఆకు అచ్చం మన వస ఆకులా ఉంటుంది. దాని జోలికి పోవద్దు. యూరప్ నుంచి వచ్చిన ఈ మొక్క గింజలూ కొమ్ము ముక్కలూ నీళ్లలో తేలుతూ పోయి వాగులన్నిటినీ ఆక్రమిస్తాయి. మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో అమ్మకమే నిషిద్ధం.

మరి మన ఊళ్లలో? గుంటూరులోనో కరీంనగర్‌లోనో గడ్డం ఐరిస్ పెంచాలని ఆన్‌లైన్‌లో కొమ్ములు తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. ఆకులొస్తాయి, పువ్వులు రావు. చలికాలంలో వారాల తరబడి గట్టి చలి తగిలితేనే దాని మొగ్గ పూమొగ్గగా మారుతుంది. మన మైదానాల చలి దానికి చాలదు, పైగా తొలకరి వానలకు కొమ్ము కుళ్లుతుంది. డబ్బు దండగ.

మనకు సరిపోయే ఐరిస్ ఒకటుంది. చుక్కల లిల్లీ, లెపర్డ్ లిల్లీ అని నర్సరీల్లో అమ్ముతారు. విసనకర్రలా పరుచుకున్న ఆకులు, నారింజ రంగు మీద ఎర్రచుక్కలున్న ఆరు రేకుల పువ్వు. లిన్నేయస్ 1753లో దీన్ని ఆర్కిడ్ అనుకుని పేరు పెట్టాడు. తరవాత రెండు వందల ఏళ్లకు పైగా బెలంకాండా అనే వేరే ప్రజాతిలో ఉంచారు. పందిరి లేదు, వాలిన రేకుల్లేవు, ఐరిస్ పోలిక ఎక్కడా కనపడదు మరి. డి.ఎన్.ఎ. చూశాక 2005లో దీన్ని ఐరిస్ డొమెస్టికా అని మార్చారు. హిమాలయాల నుంచి చైనా, జపాన్ దాకా దీని ఊరు కాబట్టి వానాకాలపు వేడీ తేమా దీనికి కొత్త కాదు. ఎండ బాగా తగిలే చోట, నీళ్లు నిలవని ఎర్రమట్టిలో పాత పేడ ఎరువు కలిపి, కొమ్మును అంగుళం లోతున నాటాలి. పువ్వు ఒక్కరోజే ఉంటుంది, సాయంత్రానికి తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతుంది. కానీ ఒక్కో కాడకు రోజుకు రెండు మూడు చొప్పున వారాలు పూస్తుంది. కాయ పగిలాక నల్లగా నిగనిగలాడే గింజల గుత్తి బయటపడుతుంది. వాటిని తాజాగా ఉన్నప్పుడే కుండీలో చల్లండి, రెండో వానాకాలానికి పూతకొస్తాయి. కోయకుండా వదిలేస్తే గింజలు రాలి మడంతా మొలుస్తాయి. అప్పుడు పీకి పంచిపెట్టడానికి ఇరుగూ పొరుగూ ఉండనే ఉన్నారు.